అచ్చు కాని రాజీనామా

దుబ్రావా,
అక్టోబరు, బుధవారం

నాకు అక్షరాలు దిద్దించిన పెద్దక్కకు,

ముందుగా నా తెలుగు పేదతనాన్ని మన్నించమని వేడుకుంటున్నాను. నా తెలుగు చదువు ఏడవ తరగతితో ఆగిపోయిన సంగతి నీకు తెలుసు. ఆ తర్వాత రాళ్ళు కోసే కంపెనీతో ఈ దేశం వచ్చాను. కంపెనీ వెళ్ళిపోయింది, నేను ఉండిపోయాను. నలభై దాటాక ఇక్కడి రాత్రి బడికి వెళ్ళి, ఇక్కడి భాషలో చదివి, పట్టా పుచ్చుకున్నాను. అయితే ఆ పట్టాకు తెలుగు ఒత్తులతో సంబంధం లేదు. కిందటి ఉత్తరాన్ని నువ్వు ఎర్ర సిరాతో దిద్ది తిరిగి పంపినప్పుడు నీ మరదలు మిర్యానా చూసి, "మీ అక్క నీకు ఉత్తరం రాసిందా, మార్కులు వేసిందా?" అని అడిగింది. రెండూ అని చెప్పాను. దీన్ని కూడా దిద్దు. కాని ముందు ఒకసారి తప్పులు చూడకుండా చదువు. ఇందులో మిర్యానాకు కూడా చెప్పని మాట ఒకటి ఉంది.

నీ ఉత్తరంలో సగానికి పైగా తులసి మీద ఫిర్యాదే. నువ్వు నిద్రపోగానే కోడలు వచ్చి ఫ్యాను కట్టేస్తోందనీ, చెమటతో మెలకువ వస్తోందనీ, నీ ఇంట్లో నీ గాలి మీద కూడా ఆవిడ పెత్తనమేమిటనీ రాశావు. నీ కోపం న్యాయమైనదేనని నాకు తోచింది. మన పనికి అడ్డుపడేవాళ్ళు ఎక్కడినుంచో రారు, మన గడపలోనే ఉంటారని ఈ మధ్య నాకూ అనిపిస్తోంది.

మా సంస్కృతి భవనంలో కంప్యూటర్ల బాధ్యత నాది. గ్రంథాలయంలోనూ, కార్యాలయంలోనూ, టిక్కెట్ల గదిలోనూ ఉన్నవి విండోస్ కంప్యూటర్లు. అన్నిటికీ కలిపి ఒకటే పెద్ద ప్రింటరు. దాన్ని చూసుకునేది మెట్ల కింద చిన్న గదిలో ఉన్న పాత సర్వరు. అది లినక్స్ మీద నడుస్తుంది, దాన్ని నిలబెట్టినవాణ్ణి నేను. విండోస్ కంప్యూటర్లు పంపిన కాగితాన్ని ప్రింటరుకు అర్థమయ్యే భాషలోకి మార్చి, వరుసలో నిలబెట్టి, వంతుల ప్రకారం అచ్చుకు పంపడం దాని ఉద్యోగం. ఒక భాషలో విని మరో భాషలో చెప్పడమన్నమాట. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుగా నేను చేస్తున్నదీ అదే కాబట్టి ఆ యంత్రం మీద నాకు కొంత బంధుప్రీతి ఉంది. వేసవిలో దానికి గాలి ఆడాలని పెరటివైపు గోడకు అడుగున కన్నం కొట్టించి, లోపల జాలీ పెట్టించాను.

నా బల్ల ఆ గది తలుపు పక్కనే. యంత్రం దగ్గరికి మాటిమాటికీ పరిగెత్తేవాడు సరైన నిర్వాహకుడు కాడని రాత్రి బడిలో మా గురువు చెప్పేవారు. అందుకే ఏ మరమ్మతు అయినా నా కుర్చీలోంచి, నా తెర మీదినుంచే చేస్తాను. అది నాకు గర్వకారణంగా ఉండేది.

ఇప్పుడు చలి మొదలైంది. గదులను వెచ్చబెట్టే ఊరి వేడినీళ్ళ గొట్టాలు తెరిచారు. సరిగ్గా ఈ రోజుల్లోనే నా యంత్రానికి ఏదో పట్టుకుంది. పొద్దున్నే బాగా అచ్చు వేస్తుంది. కాఫీల వేళకు విండోస్ కంప్యూటర్లన్నీ 'ప్రింటరు ఆఫ్‌లైన్‌లో ఉంది' అంటాయి. కుర్చీలోంచి చూస్తే సర్వరు మేలుకునే ఉంటుంది, కాగితాలు వరుసలో కూర్చునే ఉంటాయి. చివరికి గురువుగారి మాట పక్కన పెట్టి, లేచి, తలుపు తెరిచి లోపలికి వెళ్తాను. దీపాలన్నీ వెలుగుతూ ఉంటాయి. నేను అక్కడ నిలబడి తీగలు తడుముతుండగానే అచ్చు మొదలవుతుంది. తలుపు వేసి వచ్చి కూర్చుంటాను. కాసేపటికి మళ్ళీ ఆగిపోతుంది. ఆఫీసు మూసే వేళకు, గొట్టాలు చల్లబడి అందరూ ఇళ్ళకు బయలుదేరుతుంటే, ఏమీ ఎరగనట్టు అన్నీ అచ్చు వేసేస్తుంది.

నేను చేయనిది లేదు. ప్రతి విండోస్ కంప్యూటరులోనూ ప్రింటరును తీసేసి మళ్ళీ చేర్చాను. దాని పేరులో ఖాళీ ఉండటం వల్లనేమో అనుకుని పేరు కుదించాను. పేరుతో కాకుండా అంకెల చిరునామాతో వెతకమన్నాను. పంచుకునే అనుమతులు, సంకేత పదాలు కొత్తగా ఇచ్చాను. ఒక్కో మార్పు చేసి, ఒకసారి గదిలోకి వెళ్ళి చూసి వచ్చేసరికి బాగయ్యేది. ఇదే కారణమని అందరికీ చెప్పేవాణ్ణి. మర్నాడు అదే కథ.

మా డైరెక్టరు నెబోయ్షా చెడ్డవాడు కాడు, నోటికి తాళం లేనివాడు. నిన్న టిక్కెట్ల గదిలో అందరి ముందూ అన్నాడు: "మేస్త్రీది రాత్రి బడి పట్టా కదా, అందుకే ప్రింటరు పొద్దుగూకాకే పనిచేస్తోంది." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి గోడమీది పట్టాను చూశాను అక్కా. దాన్ని చట్రం కట్టించినప్పుడు ఎంత నిటారుగా నిలబడి ఫొటో తీయించుకున్నానో నీకు పంపాను కదా.

అదైనా ఓర్చుకునేవాణ్ణి. ఇక్కడ మనిషి పోతే నల్ల అంచు కాగితం మీద పేరు, ఫొటో అచ్చు వేసి గుమ్మానికీ, చెట్లకూ, బస్సు ఆగే చోటా అంటిస్తారు. నలభయ్యో రోజుకూ, ఆర్నెల్లకూ మళ్ళీ అంటించాలి. పట్నంలో అచ్చు దుకాణానికి పోలేనివాళ్ళకు మా భవనమే వేసి ఇస్తుంది. రాదోయ్‌కా అనే ఆవిడ భర్త స్తనిమీర్ నలభయ్యో రోజు ఇవాళ. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని నా బల్ల ముందు మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఆవిడ ముందు లోపలికి పరిగెత్తడం నామోషీ అనిపించి కుర్చీలోంచే పెనుగులాడాను, కాగితం రాలేదు. "పర్లేదు గవ్రో, నేనే చేత్తో రాసుకుంటాలే" అని లేచి వెళ్ళింది. తిట్టినా బాగుండేది. ఇక్కడ నన్ను గవ్రో అంటారని నీకు చెప్పాను కదా, గవర్రాజు వాళ్ళ నోట అలా మిగిలింది. ఆ పేరుతో ఈ ఊళ్ళో ఇంత మర్యాద సంపాదించి, చివరికి ఒక విధవరాలికి నల్ల అంచు కాగితం ఇవ్వలేకపోయాను.

రాజీనామా చేయాలని నిశ్చయించుకున్నాను. ఇదే ఆ మాట.

నీ తమ్ముడు,
గవర్రాజు


దుబ్రావా,
గురువారం, ఆఫీసు నుంచి

అక్కా,

మొదటి ఉత్తరం ఇంకా పోస్టులో వేయలేదు. రెండూ కలిపే వేస్తాను. నవ్వకుండా చదువు.

రాజీనామా టైపు చేశాను. చేత్తో రాసి ఇస్తే కోపంతో వెళ్ళినట్టు, అచ్చు వేసి ఇస్తే ఆలోచించి వెళ్ళినట్టు. పైగా ఈ దేశంలో కాగితమంటే అచ్చు, సంతకం, గుండ్రటి ముద్ర. ఈ మూడూ లేకపోతే అది కాగితం కాదు. నాలుగు వాక్యాలు, ఒక్క తప్పు లేకుండా కూర్చి అచ్చుకు పంపాను. అది నా కంప్యూటరు నుంచి బయలుదేరింది, సర్వరు వరుసలోకి వెళ్ళింది, అక్కడ కూర్చుంది.

నిన్న సాయంత్రం నుంచి పొద్దున, సాయంత్రం కూడా పనిచేయడం లేదు. చలి పెరిగిందని గొట్టాలు రాత్రంతా వేడిగానే ఉంచుతున్నారు. జనం ఎక్కువసేపు ఉంటున్నారు కాబట్టి రద్దీ వల్లనేమో అనుకున్నాను. ఇంతకు ముందు ఒక కాగితం విఫలమైతే సర్వరు వరుస మొత్తాన్ని ఆపేసేది, నేను మళ్ళీ నడపవలసి వచ్చేది. ఆగకుండా నీ అంతట నువ్వే మళ్ళీ మళ్ళీ ప్రయత్నించు అని దానికి చెప్పి పెట్టాను. అది నేను చేసిన ఆఖరి మార్పు, ఆ తర్వాత ఆ గది తలుపు ముట్టుకోలేదు. నా రాజీనామాను నేనే తొలగించి ఇంకోచోట అచ్చు వేయించుకోవచ్చు. కాని పట్నం దుకాణంలో నా రాజీనామా వేయించుకుంటే ఊరంతా ఏమనుకుంటుంది? ప్రింటరు బాగుచేయలేనివాడు ప్రింటరు కోసం ఊరు దాటాడని అంటారు.

నెబోయ్షా పట్నంలోని ఒక కంపెనీకి ఫోను చేశాడు. సోమవారం వాళ్ళు వచ్చి సర్వరును తీసేసి, వేరే పెట్టె పెడతారట. "నీ మీద కోపం కాదు మేస్త్రీ, నాకు కాగితాలు కావాలి" అన్నాడు. సోమవారం లోపు నేనే వెళ్ళిపోతే, నన్ను తీసేశారని కాక నేను మానేశానని ఉంటుంది. అందుకే ఈ కాగితం సోమవారం లోపు రావాలి.

ఇంకొక విషయం. ఇది రాయడానికి చేయి రావడం లేదు. మా భవనంలో కాఫీ కాచి, నేల తుడిచే పెద్దావిడ దెసాంకా. నేను పిన్నీ అంటాను. భర్త మిలున్ పోయినప్పటినుంచి ఒక్కతే ఉంటుంది. నా కాఫీలో పంచదార ఎంతో నాకన్న ఆవిడకే బాగా తెలుసు. నేను తుమ్మితే చాలు, "తలుపుకీ తలుపుకీ మధ్య కూర్చుంటావు, మెడకు గుడ్డ చుట్టవు, మిర్యానా నీకేం చెప్పదా?" అని ఊరంతా వినేలా తిడుతుంది. ఇవాళ పొద్దున కిటికీలోంచి చూస్తే ఆవిడ పెరటివైపు గోడ దగ్గర వంగి ఉంది. సరిగ్గా సర్వరు గది వెనక. నన్ను చూసి చప్పున లేచి, చేతులు ఏప్రానుకు తుడుచుకుంది. ఏమిటి పిన్నీ అంటే, "పిల్లి" అంది. అక్కడ పిల్లి లేదు.

నెబోయ్షా ఏదైనా చేయించాడా? సర్వరు పాడైతే పట్నం కంపెనీకి దారి సులువవుతుంది కదా. ఇలాంటి ఆలోచన రావడానికే నాకు సిగ్గుగా ఉంది. వచ్చిందని దాచడం మరింత సిగ్గుగా ఉంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను బయటివాణ్ణేనా అని ఒక ప్రశ్న లోపల తిరుగుతోంది. పిన్ని కూడా అయితే ఇక నాకు ఇక్కడ మిగిలింది మిర్యానా ఒక్కతే.

రేపు పెరట్లో మిరపకాయలు కాలుస్తారట. నన్నూ రమ్మన్నారు. వెళ్ళను.

నీ తమ్ముడు,
గవర్రాజు


దుబ్రావా,
ఆదివారం

పెద్దక్కకు,

పై రెండు ఉత్తరాలూ దీనితోనే వస్తున్నాయి. వాటిని చింపేయాలనుకున్నాను. చింపితే ఇది అర్థం కాదు.

శుక్రవారం మిరపకాయల దగ్గరికి వెళ్ళనన్నాను కదా. వెళ్ళకుండా ఉండనిచ్చారా? ఏటా ఈ రోజుల్లో ఆడవాళ్ళంతా లావు ఎర్ర మిరపకాయలు నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, గంటల తరబడి వేయించి చలికాలానికి పచ్చడి పెడతారు. ఐవార్ అంటారు. మన ఆవకాయ రోజులు తలుచుకో, అంతే హడావిడి, అంతే పేచీ. నేను నా తెర ముందు బిగుసుకుని కూర్చుంటే దెసాంకా పిన్ని మసి చేతులతో గుమ్మంలో నిలబడింది.

"ఏమయ్యా చదువుకున్నాయనా, పెట్టెతో అలిగి మాతోనూ అలిగావా? లే. కాయలు తిప్పడానికి మగచెయ్యి కావాలి."

"నాకు పని ఉంది పిన్నీ."

"నీ పనేదో అదిగో, ఆఫ్‌లైన్‌లో ఉందటగా. లే."

లేచాను. ముక్కాలి పీట ఒకటి గోడకు చేర్చి వేసి, నా చేతికి పట్టకారు ఇచ్చింది. కాయలు తిప్పుతుంటే నా మోకాలి పక్కన గోడలో బూడిదరంగు ఉన్ని కొస ఒకటి వేలాడుతూ కనబడింది. వేసవిలో నేను కొట్టించిన కన్నం అది. నిండా ఏదో కుక్కి ఉంది. పట్టుకుని లాగాను. వచ్చింది, ఇంకా వచ్చింది. ఉన్ని స్వెటరు చెయ్యి, మొత్తం. దాని వెంటే కన్నంలోంచి వేడిగాలి, పొయ్యి మీది మూత తీసినట్టు, నా చేతి మీద కొట్టింది.

ఆ ఒక్క క్షణంలో నాకు అంతా తెలిసిపోయింది అక్కా. వేడినీళ్ళ గొట్టం ఆ గదిలోంచే పోతుంది. గాలి పోయే దారి మూసుకుంది. లోపల యంత్రం ఉడికిపోయి, తన్ను తాను కాపాడుకోవడానికి నెమ్మదించి, ఒక్కో కాగితాన్నీ అనువదించలేక ఈడుస్తోంది. విండోస్ కంప్యూటర్లకు ఓపిక తక్కువ, చూసి చూసి ప్రింటరే లేదు పొమ్మంటున్నాయి. నేను లోపలికి వెళ్ళినప్పుడల్లా బాగుచేసింది నా వేళ్ళు కావు, నేను తెరిచిన తలుపు. పేరు మార్చడమూ, చిరునామా మార్చడమూ, అంతా ఆ తలుపు చేసిన పనికి నేను వేసుకున్న సంతకం.

తల ఎత్తి చూశాను. పిన్ని గరిట పట్టుకుని నిలబడిపోయింది.

"పిల్లి ఇదేనా పిన్నీ?"

"అది ముట్టుకోకు. మళ్ళీ పెట్టు."

"ఎందుకు పెట్టావు?"

"ఎందుకేమిటి? నువ్వు పెట్టించిన ఆ బొక్కలోంచి చలిగాలి తలుపు కిందినుంచి వచ్చి సరాసరి నీ కాళ్ళకీ మెడకీ కొడుతోంది. నేల తుడిచేటప్పుడు నా చేతికి తగులుతోంది కదా, నాకు తెలీదా? రెండు గాలుల మధ్య కూర్చునే నా మిలున్ పోయాడు. డాక్టరు గుండె అన్నాడు. గుండె కాదు, గాలి. నీకు చెబితే వింటావా? 'యంత్రానికి గాలి కావాలి పిన్నీ' అని పాఠం చెబుతావు. యంత్రానికి కావాలి సరే. నీకు దగ్గొస్తే యంత్రం కషాయం కాస్తుందా?"

ఇక్కడి పెద్దవాళ్ళకు కిటికీలోంచి తలుపులోకి పోయే గాలి అంటే మనకు దిష్టి ఎంతో అంత. ఇన్నేళ్ళుగా విని నవ్వుకున్న మాట. అది నా సర్వరు గొంతు పట్టుకుంటుందని నాకెప్పుడూ తట్టలేదు.

"ఈ స్వెటరు ఎవరిది?" అన్నాను.

ఆవిడ కాయలు తిప్పడం మొదలుపెట్టింది. "మిలున్‌ది. ఒక చెయ్యే కోశాను. మిగతాది ఉంది. మామూలు గుడ్డ పెడితే తడిసిపోతుంది, ఉన్ని అయితే ఆగుతుంది."

నా మీద కుట్ర పన్నుతోందని నేను నీకు రాసిన మనిషే పోయిన భర్త స్వెటరు చెయ్యి కోసి నా మెడకు అడ్డం పెట్టింది.

అప్పుడు లోపల ప్రింటరు మొదలైంది. ఆగకుండా ప్రయత్నించమని నేను చెప్పిన మాట సర్వరు నిలబెట్టుకుంది. చల్లగాలి తగలగానే వరుసలో కూర్చున్నవన్నీ ఒకదాని వెనక ఒకటి బయటికి రావడం మొదలుపెట్టాయి. నాటకం కరపత్రాలు, పుస్తకాల పట్టీలు, నల్ల అంచు కాగితాలు. నేను పరిగెత్తాలని లేచేలోపు పిన్ని వెళ్ళిపోయింది. పచ్చడి చేతులతో కట్ట మొత్తం పట్టుకుని వచ్చి, కళ్ళు చిట్లించి చదివింది.

"ఇదెవరి చావు కాగితం? అంచు లేదేం? గవ్రో, ఇందులో నీ పేరుంది. నువ్వెప్పుడు పోయావు?"

నెబోయ్షా అప్పుడే చిన్న గ్లాసులో రాకియా అనే పళ్ళ సారాతో వచ్చాడు. ఆవిడ చేతిలోంచి కాగితం తీసుకుని చదివాడు. నాలుగు వాక్యాలూ, ఒక మూల ఎర్రటి వేలిముద్ర. చదివి మడిచాడు. అంతవరకు నవ్వుతున్న ముఖం మారింది.

"నేనన్న మాటకా, మేస్త్రీ?" అన్నాడు.

కాలుతున్న కాయ ఒకటి తిప్పాను.

"చూడు," అన్నాడు, "ముద్ర లేని కాగితం కాగితం కాదు. ముద్ర అలమారలో ఉంది. అలమార తాళంచెవి ఎక్కడ పెట్టానో నాకు గుర్తు లేదు." తాళంచెవి అతని నడుముకే వేలాడుతోంది. అందరూ చూస్తున్నారు. "సోమవారం పట్నంవాళ్ళను రావద్దంటాను. ఏమంటావు? రాత్రి బడివాడు పట్టపగలే బాగుచేశాడని ఊరంతా చెబుతాను. నా నోరు ఎంత పెద్దదో నీకు తెలుసుగా."

"బాగుచేసింది నేను కాదు," అన్నాను. "మిరపకాయలు."

పిన్ని ఆ రాజీనామాను అతని చేతిలోంచి లాక్కుని, కాల్చిన కాయలు చల్లార్చే గిన్నె మీద మూతగా కప్పింది. "మంచి మందం కాగితం," అంది.

రాదోయ్‌కా కూడా అక్కడే తొక్కలు తీస్తోంది. తన భర్త కాగితాలు కట్టలో కనబడితే నేనే తీసి ఇచ్చి, ఆలస్యానికి క్షమాపణ చెప్పాను. ఆవిడ ఒకటి తీసుకుని ఫొటో తుడిచింది. "అచ్చు బాగా వచ్చింది," అంది. "ఆర్నెల్లకు పనికొస్తాయి, పైన తేదీ అంటిద్దాం. నీకో మాట చెప్పనా గవ్రో, స్తనిమీర్ సైన్యంలో ఉన్నప్పుడు కవరు మీద రాసేదాన్ని అతని పేరు. ఆ తర్వాత మొన్నే మళ్ళీ నా చేత్తో రాశాను. ఊరి చెట్లన్నిటికీ. చెయ్యి నొప్పి పుట్టింది. బాగుంది."

నిన్న నేనూ నెబోయ్షా కలిసి నా బల్లను అవతలి గోడకు మార్చాం. కన్నం తెరిచే ఉంది, దానికి బయట ఒక వంపు రేకు పెట్టించాను. గాలి యంత్రానికి తగిలి పైకి పోతుంది, ఎవరి మెడ దగ్గరికీ రాదు. పిన్ని నేల మీద చెయ్యి పెట్టి పరీక్షించి ఒప్పుకుంది. సర్వరుకు వేడెక్కితే నా తెర మీద చెప్పే ఏర్పాటు కూడా చేశాను. అసలు అది రోజూ తన చిట్టాలో ఆ సంగతి రాసుకుంటూనే ఉంది. నేనే అచ్చు గురించి తప్ప ఇంకేమీ అడగలేదు. నీకెలా ఉంది అని ఒక్కసారి అడిగి ఉంటే ఒక్క వరుసలో చెప్పేది. ఇకనుంచి రోజుకొకసారి కుర్చీలోంచి లేచి ఆ తలుపు తెరుస్తాను. గురువుగారు మన్నిస్తారు.

స్వెటరు చెయ్యి తిరిగి ఇవ్వబోతే పిన్ని తీసుకోలేదు. దాన్ని విప్పి, ఆ నూలుతో నాకు మెడపట్టీ అల్లుతోంది. నేను వద్దనలేదు. నీ చేత ఇరవై ఏళ్ళప్పుడు స్టేషనులో మఫ్లరు కట్టించుకోవడానికి సిగ్గుపడి తల తిప్పేసుకున్నవాణ్ణి, ఇప్పుడు మెడ వంచి కొలత ఇచ్చాను.

నీ తమ్ముడు,
గవ్రో అని పిలిచినా పలికే గవర్రాజు

తా.క. ఎర్ర సిరాతో దిద్దడం అయ్యాక ఈ మూడు ఉత్తరాలనూ బావగారికి ఇవ్వవద్దు, ఆయన నవ్వుతారు. ముందు తులసికి ఇవ్వు. మొదటి ఉత్తరంలో తనమీద నువ్వన్నదీ, నేను సరేనన్నదీ కూడా తనే చదవాలి. చదివాక, నువ్వు నిద్రపోయిన తర్వాత ఫ్యాను ఎందుకు కట్టేస్తోందో నాకు తన చేత్తో రాయమను. తను రాసినది మాత్రం నువ్వు దిద్దవద్దు. ఉన్నదున్నట్టు పంపించు.